ఖాళీ పెంకు, రెండు గుంటలు

అల్లూరు దగ్గర మా బావకు పక్కపక్కనే రెండు రొయ్యల గుంటలున్నాయి. రెండు గట్ల మీదా కర్రలు పాతి గుమ్మడికాయలు వేలాడదీస్తాడు. రొయ్యలను చంపే తెల్లమచ్చ రోగం వైరస్ వల్ల వస్తుంది గానీ దిష్టి వల్ల రాదని నేను ఏళ్ల తరబడి వాదించాను. "నీ వాదన తిండికీ పనికిరాదు బామ్మర్దీ. గుమ్మడికాయ పులుసుకన్నా వస్తుంది" అనేవాడు.

కాబట్టి అక్క కూతురు తన పరిశోధనను ఆ గుంటల్లోనే పరీక్షిస్తానన్నప్పుడు, మేనమామగా కంటే వాదిగానే ఎక్కువ సంతోషించాను. ఆ అమ్మాయి పనిచేసే ల్యాబులో వైరస్ పైపెంకును మాత్రమే తయారు చేస్తారు. ప్రోటీన్లు వాటంతట అవే కూడుకొని చిన్న గూడులా కట్టుకుంటాయి. లోపల రోగం ఉండదు. దాని బదులు, తెల్లమచ్చ వైరస్‌ను పెరగనివ్వని ఆర్‌ఎన్‌ఏ ముక్కను పెడతారు. మేతలో కలిపితే ఆ పెంకు దాన్ని రొయ్య కడుపులో పాడుకాకుండా మోసుకుపోతుంది. ల్యాబు తొట్లలో పనిచేసింది. అనుమతులు వచ్చాయి. ఇక గుంట నీళ్ళలో చూడాలి.

బావ ససేమిరా అన్నాడు. "ఊరంతా వైరస్ వద్దు మొర్రో అంటా ఉంటే, నా కూతురే సంచిలో పెట్టుకొని తెచ్చిందే!"

ఆమె రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసేందుకు నీళ్ళలో దించే చెక్ ట్రేను పైకి లాగి, అందులో రొయ్య విడిచిన పెంకును తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఇది ఈదుతుందా నాన్నా?"

"ఉత్త పెంకు ఎట్లా ఈదుతుంది?"

"నేను తెచ్చిందీ అంతే. పెంకు. కడుపులో మందు పెట్టినాం."

ఒప్పుకున్నాడు. ఎడమ గుంటకు పెంకు కలిపిన మేత, కుడి గుంటకు మామూలు మేత. తేడా తెలియాలంటే రెండోదానికి మందు తగలకూడదని ఆమె పదే పదే చెప్పి, మేత బావకు అప్పగించి ల్యాబుకు తిరిగి వెళ్ళింది. ఆ తేడా మీదే ఆమె పీహెచ్‌డీ నిలబడి ఉంది.

కొన్ని వారాలకు చుట్టుపక్కల గుంటల్లో తెల్లమచ్చ వచ్చింది. రొయ్యలు గట్ల వెంట చేరి తేలాయి. బావ గుంటలకు ఏమీ కాలేదు. రెండింటికీ కాలేదు. గుమ్మడికాయకు శాస్త్రం చెప్పిన జవాబు అంటూ నేను అప్పటికే పత్రికకు వ్యాసం మొదలుపెట్టాను. చూడ్డానికి వచ్చిన మేనకోడలు మాత్రం కుడి గుంట గట్టు మీద నిలబడి చాలాసేపు నీళ్ళకేసి చూసింది.

"నాన్నా, దీనికేం వేసినావు?"

బావ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నువ్విచ్చిందే. సగం సగం చేసి రెండిటికీ కలిపినా."

"ఎందుకు?"

"మందు చేతిలో పెట్టుకొని, ఒక గుంటకేసి, ఇంకోటి చస్తుందేమోనని చూస్తా కూర్చోమంటావా? రైతు చేసే పనేనా అది?"

"అయితే పెంకు పనిచేసినట్టేగా" అన్నాను.

"లేదు మామా. మన నీళ్ళలోకి అసలు వైరస్సే రాలేదేమో. ఏమీ తెలీలేదు. ఆ వ్యాసం పంపొద్దు."

"గుమ్మడికాయ పనిచేసిందేమో. అదీ తెలీదు గదా" అన్నాడు బావ.

విరుచుకుపడదామని నోరు తెరిచాను. ఆ మాటలో తప్పు దొరకలేదు. రుజువు లేనిచోట గుమ్మడికాయా పెంకూ ఒకే పంక్తిలో కూర్చుంటాయి. వ్యాసం పక్కన పెట్టాను.

తరువాతి పంటకు ఆమె ల్యాబు వదిలి వచ్చి ఇంట్లోనే ఉంది. మేత గది తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది. బావ ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు: కుడి గుంటకు తన చేత్తో మేత వేయడు. ఈసారి గుమ్మడికాయలైనా తీయించమని నేను పట్టుబట్టాను.

"ఉండనీ మామా. రెండిటికీ ఉన్నాయి గదా, తేడా చెడదు" అంది, మామూలు మేత బస్తాను పడవలోకి దించుకుంటూ.

ఆమె కుడి గుంటంతా తిరుగుతూ మేత చల్లింది. బావ ఆ గుంటకు వీపు తిప్పి గట్టు మీద కూర్చున్నాడు.