కాలువ తవ్వినవాళ్ళ పాట

చరిత్ర మాస్టారు పాట అందుకుంటే పక్క తరగతివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. ఆయన మాత్రం తగ్గితేగా! ఆ రోజు పాఠం వెనకటి కాలువ పనివాళ్ళ గురించి. పుస్తకం మూసి, వాళ్ళు తట్టలు మోస్తూ పాడుకున్న పాట ఎత్తుకున్నారు. పాదం మధ్యలో ఆయన "హుఁ" అన్నప్పుడల్లా పిల్లలకు నవ్వాగలేదు.

"ఇకిలించింది చాలు. నలుగురేసి ఒక్కో బెంచీ ఎత్తి పాడండి."

రెండో చరణానికల్లా, ఎవరూ నేర్పకుండానే, అందరి నోటా సరిగ్గా అక్కడే "హుఁ" వచ్చింది. పాఠం తలకెక్కిందని మాస్టారు మీసం దువ్వుకున్నారు.

"ఇక దించండర్రా."

ముందు వరుస పొట్టిపిల్ల ఎర్రబడ్డ అరచేతులు చూసుకుంటూ అడిగింది.

"వాళ్ళకి దించమని ఎవరు చెప్పేవాళ్ళు మాస్టారూ?"

ఆయన మూసిన పుస్తకం మళ్ళీ తెరిచి వెతికారు. పాట ఆగిపోయేసరికి, ఏమైందోనని పక్క తరగతివాళ్ళు కిటికీ తెరిచారు.