రెండు కామాలు

గవర్నర్‌పేట ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పే బాలత్రిపురసుందరి పొడవాటి వాక్యం చదివేటప్పుడు కామా వచ్చినచోటల్లా బల్లమీద వేలితో తట్టి ఆగేది, పిల్లలూ ఆగేవారు. నలభైరెండు ఆగస్టులో ఆమె తరగతిలోంచి క్విట్ ఇండియా నినాదాలు వినిపించాయి. నినాదాలిచ్చిన పిల్లల్ని తీసేయాలని పైవాళ్లకు ఇంగ్లీషులో రాయమంది హెడ్మిస్ట్రెస్. బాలత్రిపురసుందరి 'ద గర్ల్స్ ఆఫ్ మై క్లాస్, హూ షౌటెడ్ స్లోగన్స్, షుడ్ బి డిస్మిస్డ్' అని రాసింది, నినాదాల ముక్కకు అటొకటి, ఇటొకటి కామా పెట్టింది.

"ఈ కామాలుంటే తరగతిలో అందరూ అరిచారనీ, అందర్నీ తీసేయమనీ అర్థం. కొట్టేయండి," అంది హెడ్మిస్ట్రెస్.

"అందరూ అరిచారండీ. కొట్టేస్తే కొందరే అరిచారని అబద్ధం రాసినట్టవుతుంది."

"ఆ కొందరి పేర్లే నాక్కావాలి."

"నా పేరు రాసుకోండి. నేనూ అరిచాను," అంటూ బాలత్రిపురసుందరి కలానికి మూత పెట్టింది.

తరగతినంతా తీసేయడానికి హెడ్మిస్ట్రెస్‌కు చెయ్యాడలేదు. ఆ కాగితం పైకి పోలేదు. మర్నాడు తరగతిలో ఒక్క బల్లా ఖాళీగా లేదు.