పేరు కొట్టించిన గిన్నె

కొడకండ్ల దగ్గర ఒక సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. నాకు నోరు పెద్దదని పిల్లలే కాదు, స్టాఫ్‌రూంలో వాళ్లూ అంటారు. అందుకేనేమో, జిల్లా ప్రదర్శనకు చార్టులు చేయించే పని ఏటా నాకే అంటగడతారు. పిల్లలు ఫోన్‌లో బొమ్మ వెతుకుతారు, నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి అతికిస్తారు. ఎవరిదని అడిగితే తరగతంతా ఒకే మాట: "గూగుల్‌ది మేడం!"

"గూగుల్ కెమెరా పట్టుకొని మన ఊర్లకు వచ్చిందా ఏంది?" అని అరిచాను. నవ్వారే తప్ప ఎవరికీ ఎక్కలేదు.

మర్నాడు ఇంట్లో ఉన్న స్టీలు గిన్నె ఒకటి పట్టుకెళ్లాను. నా పెళ్లికి మేనత్త పెట్టింది. మా దగ్గర పేరు కొట్టించకుండా పెళ్లిలో గిన్నె పెట్టరు.

"దీన్ల రోజు కూర వండేది నేను. మరి పేరు మా అత్తదెందుకున్నది?"

"పెట్టింది ఆమె గద మేడం!"

"పేరు గీకేసి నేనే కొన్ననంటే?"

"అబద్ధం!" వెనక బెంచీలు కూడా అరిచాయి.

"మరి బొమ్మ?" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పటి నుంచి బొమ్మ తీసిందెవరో, ఎక్కడ దొరికిందో కింద రాయనిదే చార్టు ముట్టుకోనన్నాను.

ఆ ఏడు అందరికంటే బాగా చేసింది తండా నుంచి వచ్చే ఒక పిల్ల. ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, బడిలో హాజరు పలికినా వినపడదు. వాళ్లు కట్టుకునే అద్దాల బట్టల గురించి చార్టు. నడుమ నవ్వుతున్న ముసలావిడ బొమ్మ, కింద 'మా తండా అవ్వ' అని రాత. బడి కంప్యూటర్‌లో ఆ బొమ్మనే పెట్టి వెతికించాను. ఒకచోట రాజస్థాన్ అని ఉంది, ఇంకోచోట గుజరాత్ అని. పిల్ల వదలకుండా ఒక్కో పేజీ దాటుకుంటూ చివరికి ఫోటో తీసినాయన పేజీకే చేరింది. ఎక్కడో వేరే రాష్ట్రం. అడగకుండా వాడొద్దని కూడా రాసి ఉంది.

"ఎవరు చూస్తరే, ఉండనియ్యి," అంది పక్కపిల్ల. తండా పిల్ల నా వైపు చూసింది. "తీసేస్తే నడుమ ఖాళీ అయితది. నా చార్టు పంపరా మేడం?"

"అబద్ధముంటే పంప బిడ్డా," అన్నాను. అన్నానే గానీ, చార్టులు మర్నాడే జనగామకు పోవాలి.

పొద్దున్నే వచ్చింది. బొమ్మ మారింది. వాళ్ల నాయనమ్మ! కింద ఫోటో తీసింది తనేనని పిల్ల పేరు, అందులో ఉన్న ముసలామె పేరు, తండా పేరు, 'అడిగి తీసినది' అని ఒక ముక్క.

"అడిగితే ఏమన్నది?"

"పెట్టెలున్న బట్టలు కట్టుకునేదాంక ఆగుమన్నది మేడం."

జనగామ ప్రదర్శనలో ఆ ఫోటో ముందు ఒక అధికారి ఆగారు. బాగుంది, మా పుస్తకంలో వేసుకుంటామంటూ ఫోన్ తీసి క్లిక్‌మనిపించారు. నేను నోరు తెరిచేలోపే పక్కనుంచి మాట వినపడింది.

"తీసుకోండ్రి సార్. గని పేర్లు వెయ్యాలె."

హాజరు పలికినా వినపడని పిల్ల! ఆయన నా వైపు చూశారు, కసురుతాననుకున్నారు కాబోలు. "ఆమె చెప్పినట్టే వెయ్యాలి సార్," అన్నాను. ఇన్నేళ్ల పాఠాల్లో అంత ఆనందం ఎరగను. ఆయన నవ్వి, అక్కడే నిలబడి ఫోన్‌లో రెండు పేర్లూ కొట్టుకున్నారు.

పిల్ల మునివేళ్ల మీద లేచి ఆ ఫోన్‌లోకి చూసింది.

"మా అవ్వ పేరు ముందల రాయుండ్రి సార్. నేను ఫోటోనే తీసిన. బట్టలు కుట్టింది ఆమెనే."