మల్లె డబ్బాలో బియ్యం కడుగు

మా వాకిట్లో డబ్బాలో పెరిగిన మల్లె పూస్తే నకిరేకల్ దాకా వాసన కొట్టేదని చాలామందికి చెప్పాను. నకిరేకల్ మాట అటుంచండి, పక్కింటి దాకా వస్తే గొప్పే. కానీ చనిపోయిన మనిషి ఆ చెట్టు దగ్గర తిరుగుతోందన్న మాట మాత్రం కొంతకాలం నేనే నమ్మాను.

అది నా భార్య నాటిన చెట్టు. గ్యాసునూనె డబ్బాకు అడుగున మేకుతో తూట్లు పొడిచి, మట్టిలో పొయ్యి బూడిద, మేక పెంటికలు కలిపి పెట్టింది. రోజూ బియ్యం కడిగిన నీళ్లు దానికే పోసేది. ఆ నీళ్లు బర్రె కుడితిలోకి పోవాలని మా అమ్మ పట్టు.

"బర్రె పాలిస్తది. నీ చెట్టేమిస్తది పిల్లా?"

"పూలిస్తది అత్తా. నీ బర్రెను కొప్పుల పెట్టుకుంటనా?"

పెళ్లయిన రెండో ఏడే ఆమెకు జ్వరం వచ్చింది. నల్లగొండ దవాఖానకు చేరకముందే బండిలో పోయింది. ఆనవాయితీ ప్రకారం చీరలు కూడా ఇచ్చేశాం. ఆమె చేతిది ఇంట్లో ఆ మల్లె ఒక్కటే మిగిలింది. ఆ ఎండాకాలం అదీ వాడసాగింది.

కరివేపాకుకు పుల్ల మజ్జిగ పోస్తే ఏపుగా వస్తుంది కదా అని మల్లెకూ ముంతెడు పోశాను, చిక్కటిది. చీమలు పట్టాయి, ఆకులు పండి రాలాయి.

"కల్యమాకుకు పోసేది మల్లెకు పోస్తరారా?" అంది అమ్మ.

ఇక ముట్టుకోవడం మానేశాను. అయినా మధ్యాహ్నం చెలక నుంచి వచ్చి చూస్తే డబ్బాలో మన్ను తడిగా ఉండేది, పైన తెల్లటి పొర. బియ్యం నీళ్లే. అమ్మను అడిగాను.

"నాకేం ఎరుక? బర్రెకే చాల్తలేవు."

పోయిన మనిషే వచ్చి పోస్తోందనుకున్నాను. మెట్టెల చప్పుడు విన్నానని స్నేహితులకు చెప్పాను. వినలేదు. వినబడుతుందేమోనని గోడవారగా చాలాసేపు కూర్చున్న మాట మాత్రం నిజం.

ఒకనాడు పెందలాడే ఇంటికొచ్చాను. అమ్మ డబ్బా ముందు గొంతుక్కూర్చుని చెంబుతో మెల్లగా పోస్తోంది.

"తాగు పిల్లా, తాగు. బర్రెకేం తక్కువ కాలే. జర పూయి."

పిల్లా అని అమ్మ పిలిచేది ఇంట్లో ఒక్కరినే. నేను అలికిడి చేయకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయాను.

వానలు పడ్డాక బుట్టెడు పూసిందని రాయబోయాను. గుప్పెడు కూడా కాలేదు. అమ్మ వాటిని కోసి, నా భార్య దువ్వెన పెట్టుకునే గూట్లో పెట్టింది. ఎవరు నీళ్లు పోశారని నేను మళ్లీ అడగలేదు. కుడితి గోలెం దగ్గర బర్రె అరుస్తూనే ఉంది.