జీడితోటలో అడుగుల చప్పుడు

ఆ రోజుల్లో అందరూ నన్ను ధైర్యవంతుడనే అనుకునేవారు. నిజానికి ఇరవయ్యేళ్ల వయసులో నాకు రెండు భయాలుండేవి. ఒకటి దయ్యాలు, రెండోది బొబ్బిలిలో మా నాన్న బట్టల కొట్టు. మా వైపు కొండదారుల్లో ఎండ్యూరో సైకిలు పందేలు కొత్తగా మొదలయ్యాయి. కొండ ఎంతసేపైనా ఎక్కొచ్చు, దిగేటప్పుడే గడియారం చూస్తారు. ఆ పందెంలో చివరివాడిగా మిగలకపోతే చాలదు, ఏదో ఒక బహుమతి తేవాలి, లేకపోతే మర్నాటి నుంచి కొట్లో మీటరు కర్ర పట్టాలని నాన్న తేల్చేశాడు. అసలు పందేనికి ముందు ఎంపిక పోటీలో నెగ్గాలి.

గజపతినగరంలో సైకిలు షాపు నడిపే మా మావయ్య దగ్గర వారం రోజులు కూర్చుని పాత మౌంటెన్ బైకును సిద్ధం చేశాను. రాళ్ల మీద పట్టు దొరకాలని టైర్లలో గాలి తగ్గించాను. నేనెక్కి కూర్చుంటే వెనక షాకు, అంటే కుదుపులు మింగే స్ప్రింగు, మూడోవంతు కుంగేలా సరిచేశాను. ధాన్యం బస్తాలు మోసే సైకిళ్లు తప్ప ఎరగని మావయ్యకు అది నచ్చలేదు.

"మనిషెక్కితేనే కుంగిపోతన్నాది. దీనికి జబ్బేటిరా?"

"కుంగితేనే చక్రం నేలని వదలదు మావా."

"నీ ఇష్టం. దిష్టి తగలకుండా నా పని నేను సేత్తాను."

(నిమ్మకాయ కడతాడనుకున్నాను. దాని బరువెంతుంటుందో మనసులో లెక్క కూడా వేశాను.)

ఎంపిక రోజు తెల్లవారగానే కొండ మీద నుంచి ఒక్కొక్కరినే వదిలారు. నా వంతు వచ్చేసరికి జీడితోట మీదికి మంచు దిగి, ముందు చక్రం తప్ప ఏమీ కనబడలేదు. మొదటి గుంత దాటగానే వెనక టప్‌మంది. తోలు చెప్పు వేసుకున్న అడుగు. ఆగి చూశాను, మంచు తప్ప ఎవరూ లేరు. చప్పుడూ ఆగింది. కదిలాను, మళ్లీ టప్, టప్. నేను జోరు పెంచితే అదీ పరుగందుకుంది. మెడ వెనక ఆయాసం కూడా వినిపించింది (నాదే కావచ్చు). బ్రేకు నొక్కితే అది నన్నందుకుంటుందని నొక్కలేదు. ఆంజనేయస్వామిని తలుచుకుంటూ కొండంతా జారిపోయాను.

కింద అందరికన్నా తక్కువ సమయం నాదేనన్నారు. నాకది చెవికెక్కలేదు.

"మావా, నా ఎనకాల ఎవులో పరిగెట్టుకొచ్చినారు."

మావయ్య సైకిలు వెనక భాగం పైకెత్తాడు. సీటు కింద, పనిముట్ల సంచి చాటున, లారీలకు కట్టినట్టు నల్లతాడుతో ఒక పాత తోలు చెప్పు కట్టి ఉంది. షాకు కుంగినప్పుడల్లా టైరుకు తగిలి దాని అంచు అరిగిపోయింది.

"ఎవుల్దిది?"

"మీ తాతది. ఆయన పోయినాక పారెయ్యబుద్ధి కాలేదు. నీకు సైకిలు నేర్పినప్పుడు సీటు పట్టుకుని ఎనకాల పరిగెట్టింది ఆయనే కదా. ఇంకెవుడి సెప్పు కట్టమంతావు?"

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. అసలు పందేనికి ఆ చెప్పును టైరుకు తగలకుండా పైకి కట్టాను. వెనక ఒక్క అడుగూ వినబడలేదు. దారంతా బ్రేకులు నొక్కుకుంటూ దిగి చివరినుంచి రెండోవాణ్నయ్యాను. మర్నాడు కొట్లో కూర్చున్నాను.

ఇప్పుడు పొట్ట పెరిగింది, కొట్టుకు స్కూటరు మీద వెళుతున్నాను. గుంతలొచ్చిన చోట నాకు తెలియకుండానే వెనక్కి చెవి పెడతాను. దయ్యమనుకుని కొండంతా ఆగకుండా దిగిన మనిషిని, ఈ వయసులో ఆ ముసలాయన ఒక్కసారి వెనకాల వస్తే బండి ఆపేసి నిలబడదామని చూస్తున్నాను.