చన్నీళ్లు పోసింది నేనే

ఆ రోజు మధ్యాహ్నం కాగుతున్న ఇంజనులో చన్నీళ్లు పోసింది నేను. పోసింది డ్రైవరని చెప్పిందీ నేనే. మొదటిది తొందరపాటు. రెండోదానికి ఆ పేరు కూడా పెట్టలేను. నోరు తెరిచే ముందు ఒక క్షణం ఆలోచించుకునే చెప్పాను.

డెబ్బైల చివరి సంవత్సరాలు అవి. ఆదోనిలో మాకు పత్తి కమీషను అంగడి ఉండేది. హోస్పేటలో ఒక గుత్తేదారు తన విదేశీ బండి అమ్మేస్తున్నాడని విని, పోయి కొనుక్కొచ్చాను. జీపంత ఎత్తు, కారులో ఉండే సుఖం. ఎనిమిది మంది కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. తోలు సీట్లు, ఎడమవైపు స్టీరింగు, మన ఎండల్లో ఎవరికీ పనికిరాని హీటరు. ఇంత మంచి బండిని ఎందుకు అమ్ముతున్నావని నేను ఆ గుత్తేదారును అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం ఉండి ఉంటుంది.

రైతులు పత్తి తెచ్చే వేళకు దాన్ని అంగడి ముందు నిలబెట్టించేవాణ్ణి. వాళ్లు చుట్టూ తిరిగి, తలుపు మీద చెయ్యి పెట్టి చూస్తుంటే లోపల కూర్చుని చూడనట్టు నటించేవాణ్ణి.

బండి నాదే కానీ దాని సంగతి తెలిసింది డ్రైవరుకు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి. ఎమ్మిగనూరులో ఇరవై ఏళ్లు లారీలు తోలి, నేను పిలిస్తే వచ్చాడు. వచ్చిన వారానికే బానెట్టు మూసి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"పైకి నవాబు, లోపల రోగిష్టి సావుకారూ ఇది. రేడియేటరు సగం మూసుకపోయింది. కొత్తది మన దేశంలో యాడా దొరకదు. మనమే దీని మనసు తెలుసుకొని నడుపుకోవల్ల."

ఎండలో పన్నెండు మైళ్లు పోతే ఒకసారి ఆపేవాడు. ఎవరు తొందరపెట్టినా వినేవాడు కాదు. ఆ ఆగడం నాకు నామోషీగా ఉండేది. దారిన పోయే ఎద్దులబండ్ల వాళ్లు మమ్మల్ని దాటిపోతూ నవ్వేవాళ్లు.

శ్రావణమాసంలో ఒక గురువారం, మా దగ్గర పత్తి కొనే మిల్లు యజమాని ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోవాలన్నాడు. ఇంటిల్లిపాదినీ నా బండిలోనే తీసుకుపోతానని నేనే ముందుపడ్డాను. బండి బరువు మీద ఉంది, ఎదురుగాలి లేదు. సగం దారిలో ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. భాయ్ పక్కకు తీసి ఆపేశాడు. మిల్లు యజమాని కుటుంబం కాస్త దూరంలో వేపచెట్ల నీడకు పోయి కూర్చుంది. భాయ్ చేలో బావికి పోయి బిందెడు నీళ్లు తెచ్చి, బండి పక్కన ఎండలో పెట్టాడు.

"ఇంజను సల్లారాల, ఈ నీళ్లు కాస్త వెచ్చబడాల, లేకుంటే ఇంజను పగుల్తుంది. గంట పడుతుంది. అంతవరకు రేడియేటరు మూత ముట్టొద్దు సావుకారూ. నేను అడ్డరోడ్డు కాడికి పోయి తిరునాళ్ల బస్సు ఏదన్నా ఆపి పంపిస్తా. ఆడోళ్లు, ముసలోళ్లు ఎండలో ఎంతసేపు కూసుంటారు?"

అతను పోయి పది నిమిషాలు కాలేదు. చెట్టు కింద నుంచి మిల్లు యజమాని కేకేశాడు.

"ఏమప్పా, మీ ఏనుగు లేస్తుందా లేదా? గాడిదల మీద బయల్దేరింటే ఈపాటికి టెంకాయ కొట్టి వచ్చేవాళ్లం!"

ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఒళ్లు మండిపోయింది. తుండు చేతికి చుట్టుకుని మూత తిప్పాను. ఆవిరి చిమ్మి మణికట్టు కాలింది. అయినా ఆగలేదు. బిందె ఎత్తి పోసేశాను. లోపల ఎండుకట్టె విరిగినట్టు ఒక చప్పుడు. అంతే. తర్వాత ఎన్నిసార్లు తాళం తిప్పినా బండి మూలిగింది కానీ లేవలేదు.

నవ్వి వాళ్లు మళ్లీ అటువైపు తిరిగి కూర్చున్నారు, నేను పోయడం ఎవరూ చూడలేదు. భాయ్ బావి నుంచి బిందె మోసుకురావడం మాత్రం అందరూ చూశారు. అతను ఆపి తెచ్చిన బస్సు వెనక నిచ్చెన పట్టుకుని దిగేసరికి మిల్లు యజమాని నా పక్కన నిలబడి ఏమైందని అడుగుతున్నాడు.

"డ్రైవరు పోయే ముందు చన్నీళ్లు పోసిపోయినాడు. ఇంజను హెడ్డు పగిలినట్టుంది" అన్నాను.

భాయ్ విన్నాడు. ఖాళీ బిందె చూశాడు. నా మణికట్టు చూశాడు. మిల్లు యజమాని అతని మీద విరుచుకుపడ్డాడు.

"ఇరవై ఏండ్లు లారీ తోలినావంట, ఇంత కూడా తెల్దా నీకు?"

భాయ్ తలవంచుకుని వాళ్ల సామాను బస్సు ఎక్కించాడు. అందరూ పోయాక తన సంచిలోంచి ఆముదం సీసా తీసి నా చేతికిచ్చాడు. "పూసుకోండి, బొబ్బ లేస్తుంది." అతను తిట్టి ఉంటే నేను ఎదురు అరిచి ఉండేవాణ్ణి, అదొక ఊరటగా ఉండేది.

మా వ్యాపారంలో ఒక మర్యాద ఉంది. వేలంలో నోట వచ్చిన ధరను నష్టమైనా వెనక్కి తీసుకోకూడదు. మాట తిప్పినవాడు అన్న పేరు వస్తే రైతు ఆ గడప తొక్కడు. నేను ఆ అబద్ధాన్ని కూడా అలాగే కాపాడుకున్నాను. మూడో రోజు అంగడికి వచ్చినవాళ్లు అడిగితే మళ్లీ చెప్పాను. పదో రోజుకు బిందె ఎంత పెద్దదో కూడా చెబుతున్నాను.

బండి పెరట్లో పడింది. తోలడానికి బండి లేక భాయ్ వేరే పని వెతుక్కున్నాడు. అప్పటికి మిల్లు యజమాని ఆ కథ ఊరంతా చెప్పేశాడు. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోసేవాడికి లారీ ఎవరిస్తారు? ఆదోనిలో ఎవరూ ఇవ్వలేదు. ఎమ్మిగనూరులో అతని పాత యజమాని కూడా పొమ్మన్నాడని తెలిసింది. తెలిసి కూడా ఊరుకున్నాను.

దసరాకు ముందు కొత్త పత్తి రావడం మొదలైంది. ఒక ఉదయం మా అంగడిలోకి హమాలీలు మూటలు మోస్తున్నారు. మూడో మూట కింద భాయ్. నడుం వంగి, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి దారి ఇమ్మన్నట్టు తల ఊపాడు. మూట దించాక పక్కకు పిలిచాను.

"నువ్వు పోయలేదని ఒక్కరికైనా ఎందుకు చెప్పలేదు భాయ్?"

"సెప్తే ఎవురు నమ్ముతారు? మీది సావుకారి మాట, నాది డ్రైవరు మాట." తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. "జరగండి సావుకారూ, బండ్లు నిలిచిపోతాండాయి."

ఆ పూటే ఎమ్మిగనూరు బస్సెక్కాను. అతని పాత యజమాని షెడ్డులో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన బీడీ పారేసి నన్ను కిందికీ పైకీ చూశాడు.

"రెండు నెల్లు పట్టిందా అప్పా నీకు, ఎవరు పోసింది గుర్తు రావడానికి?"

"తప్పయింది."

"నా చెవులో సెప్తే ఏం లాభం? మీ ఆదోనోళ్లే కదా నా లారీకి సరుకు ఎత్తేది. వాడు తోలితే మా సరుకు ఎయ్యం అన్నారు. ముందు ఆడ సెప్పు. ఆమీద వాణ్ణి తోలుకొని రా."

మర్నాడు వేలం మొదలయ్యే ముందు, కొనేవాళ్లూ రైతులూ హమాలీలూ అందరూ ఉన్నప్పుడు, మిల్లు యజమాని ఎదురుగా నిలబడి చెప్పాను. నీళ్లు నేను పోశానని, చెయ్యి కాలింది అందుకేనని, డ్రైవరు ముట్టొద్దని చెప్పి పోయాడని. ఎవరో వెనక నుంచి "ఇంకోపాలి సెప్పప్పా, వినపడలే" అన్నారు. వినపడే ఉంటుంది. అయినా మళ్లీ చెప్పాను.

మిల్లు యజమాని నవ్వలేదు. "మరి రేప్పొద్దున నువ్వు సెప్పే ధర ఎట్ల నమ్మేదప్పా?" అని పక్క అంగడికి పోయాడు. ఆ ఏడాది మా దగ్గర పత్తి కొనలేదు. ఇంకో ఇద్దరు కూడా మానుకున్నారు. పగిలిన హెడ్డుకు బదులు కొత్తదాని కోసం బొంబాయి దాకా రాయించాను, దొరకలేదు. చివరికి ఆ బండిని ముక్కలుగా అమ్మాను. దాని వల్ల నాకు తెలిసింది ఇంతే. దాన్ని కొన్నది నలుగురూ చూడాలని. నలుగురూ నవ్వేసరికి నాలో ఉన్న మనిషి ఎంతవాడో బయటపడింది.

ఆ ఉదయం వేలం దగ్గర నేను చెబుతున్నంతసేపూ భాయ్ మూట మీద కూర్చుని నేల చూస్తున్నాడు. నేను దగ్గరికి పోయి ఎమ్మిగనూరు కబురు చెప్పాను. మిగిలిన మూటలు మోసి, కూలి తీసుకుని, చేతులు కడుక్కుని బస్టాండు వైపు నడిచాడు. నేను వెనక నడిచాను. బస్సులో నా పక్కన చోటున్నా ముందుకు పోయి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు.

ఎమ్మిగనూరు షెడ్డులో నలుగురు డ్రైవర్లు టీ తాగుతున్నారు. నేను యజమానిని వాళ్లను కూడా పిలవమన్నాను. వాళ్ల ముందు మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఒకాయన భాయ్ భుజం తట్టి, టీ గ్లాసు అందించాడు. నాకెవరూ ఇవ్వలేదు, ఇవ్వాలని నేనూ అనుకోలేదు. యజమాని తాళంచెవి తెచ్చి భాయ్ చేతిలో పెట్టాడు. అతను లారీ బానెట్టు ఎత్తి, తల లోపలికి పెట్టి చాలాసేపు చూశాడు. నేను బయట రోడ్డు మీద నిలబడ్డాను. లారీ బయటికి వచ్చి మలుపు తిరిగిందాకా ఉండి, ఆదోని బస్సు కోసం నడిచాను.