చెప్పులు దులుపుకుని ఎక్కండి

నిన్న వ్యాను కిటికీ ఒకటి వేయడం మరిచిపోయాను. రాత్రి వాన పడినట్టుంది. పొద్దున్నే తలుపు తీసేసరికి తడిసిన మ్యాట్లలోంచి ఎర్రమట్టి వాసన గుప్పున కొట్టింది. విశాఖపట్నం చూసి వెళ్లినవాళ్లకు సముద్రం వాసన గుర్తుండిపోతుందంటారు. నాకు మాత్రం ఈ ఊరంటే ఈ వాసనే. అవతల హోటలు దగ్గర యాత్రికులు ఎదురుచూస్తుంటారని తెలిసీ, వ్యాను మెట్టు మీద చతికిలబడి చాలాసేపు కూర్చుండిపోయాను. గఫూర్ బాబాయ్ పోయి నాలుగేళ్లయింది. ఇంకా ఈ వ్యానెక్కిన ప్రతిసారీ ముందు సీట్లో ఆయన ఉంటాడేమోననిపిస్తుంది.

ఆయనది వన్ టౌన్. వాళ్ల నాన్న ఓడలు దిగిన నావికుల్ని గుర్రబ్బండి మీద తిప్పి ఊరు చూపించేవాడట. బాబాయ్ అదే పని వ్యాను మీద చేసేవాడు. తెలుగు, ఉర్దూ, హిందీ దంచి కొట్టేవాడు గానీ ఇంగ్లీషు దగ్గర నోరు పెగిలేది కాదు. అందుకే డిగ్రీ చదివి, సబ్బవరం నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నన్ను గైడుగా పెట్టుకున్నాడు. పొద్దున్న హార్బరు, డాల్ఫిన్స్ నోస్ కొండ, పాతూరులో చర్చీ, దర్గా, గుడీ పక్కపక్కనే నిలబడ్డ మూడు కొండలు. తర్వాత బీచిలో సబ్‌మెరైన్, కైలాసగిరి, తొట్లకొండ మీద బౌద్ధుల నాటి ఇటుకల శిథిలాలు. ఎండ చల్లబడ్డాక భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. అదీ మా రోజు.

మొదటి రోజు కోసం నేను వారం పాటు బట్టీ పట్టాను. ఏ కొండ ఎంత ఎత్తు, ఏ కట్టడం ఎవరు కట్టారు, అన్నీ. మైకు చేతికి రాగానే మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా కైలాసగిరి మలుపు దాకా వాయించాను. కొండ దారిలో ఒక్కసారిగా కింద సముద్రం విప్పుకునే చోటు ఒకటుంది. సరిగ్గా అక్కడ బాబాయ్ వ్యాను పక్కకు తీసి ఇంజను ఆపేశాడు. చెయ్యి వెనక్కి చాచి నా మైకు లాక్కున్నాడు. అందరి ముందూ నా మొహం మాడిపోయింది. అసలే నాకు ముక్కు మీద కోపం.

"ఏటి బాబాయ్ అలగ లాక్కున్నావు? తప్పు సెప్పానా?"

"తప్పేటి లేదమ్మా. ఆల్లు కిటికీలోంచి సూత్తన్నారేటి? నీ మొకం సూత్తన్నారు. సముద్రం కనపడేసరికి నువ్వు నోరు మూసుకో. అది నీకన్నా బాగా మాటాడతాది."

వెనక సీట్లో ఎవరో "అబ్బా!" అన్నారు. "ఇప్పుడు సెప్పు," అని నవ్వుతూ మైకు తిరిగి ఇచ్చాడు. ముందు చూడనివ్వాలి, తర్వాతే చెప్పాలి. నా ఉద్యోగం మొత్తానికి నేర్చుకున్నది ఆ ఒక్క మలుపులోనే నేర్చుకున్నాను. ఆ సాయంత్రం దాకా మాత్రం ఆయనతో మాట్లాడలేదు.

ఎర్రమట్టి దిబ్బలు చూడనివాళ్లకు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. సముద్రం ఒడ్డునే ఎర్రటి ఇసుక కొండలు. గాలీ అలలూ వేల ఏళ్లపాటు పోగుచేసినదాన్ని వానలు కోసుకుంటూ పోయి సందులు సందులుగా చేశాయి. లోపలికి నాలుగడుగులు వేస్తే సముద్రం చప్పుడు కూడా వినిపించదు. రాయిలా కనిపిస్తుంది గానీ వేలితో గీకితే రాలిపోతుంది. బయటికొచ్చేచోట, రోడ్డు పక్కన ఒక తాటిచెట్టుంది. దాని కింద బాబాయ్ కొబ్బరిపీచు బ్రష్షు పట్టుకుని నిలబడేవాడు. చెప్పులు, బూట్లు, ప్యాంటు మడతలు, పిల్లల జేబులు దులిపితే గానీ ఎవరినీ వ్యానెక్కనిచ్చేవాడు కాదు.

"సెప్పులు దులుపుకుని ఎక్కండమ్మా. సూడ్డానికొచ్చారు, మోసుకెల్లడానికి కాదు."

వ్యాను పాడవుతుందని కాబోలు అనుకుని కొందరు సణుక్కునేవారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. "బాబాయ్, నువ్వు పిసినారివి. మట్టిక్కూడా పిసినారితనమే," అని ఆటపట్టిస్తే, "అవునమ్మా, తరిగిపోయేది అదేగదా," అనేవాడు. అందరూ కొబ్బరిబొండాలు తాగుతున్న ఆ కాసేపట్లో భుజానికి గుడ్డసంచీ తగిలించుకుని ఒక్కడే మళ్లీ లోపలికి వెళ్లి వచ్చేవాడు. బీడీ కాల్చుకోవడానికేమో అని నేనెప్పుడూ అడగలేదు.

ఒకసారి నాగపూర్ నుంచి ఒక పెద్దాయన కూతురితో వచ్చాడు. చిన్నతనం మల్కాపురంలో గడిచిందట. వాళ్ల నాన్న పోర్టులో కలాసీ. పెళ్లయిన కొత్తలో భార్యను సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఈ దిబ్బలకే తీసుకొచ్చాడట. ఆవిడ పోయి ఏడాది కూడా కాలేదు. లోపల ఒక సందులో కూలబడి, అన్నేళ్లు పరాయి రాష్ట్రంలో ఉన్నా పోని యాసతో అడిగాడు.

"పిడికెడు మన్ను అట్టుకెల్తాను బాబూ. ఆవిడ ఫొటో కాడ ఎట్టుకుంటాను."

బాబాయ్ ఆయన పక్కన కూర్చున్నాడు. "సీకటడేదాకా కూకోండి బాబూ. మీతో నానూ కూకుంటాను. మల్లీ రేపు రావాలన్నా నానే తీసుకొత్తాను, ఏటీ ఇవ్వక్కర్లేదు. మన్ను మాత్రం ఒద్దు."

పెద్దాయన తల ఊపాడు. కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బాబాయ్ ముందు నడుస్తుండగా వెనక పడి, ఆ పెద్దాయన రుమాలులో పిడికెడు మట్టి పోసి, ముడేసి, ఆయన జేబులో పెట్టాను. తాటిచెట్టు కింద బాబాయ్ ఆయన చెప్పులు తనే వంగి దులిపాడు. జేబు మాత్రం తడమలేదు.

అందరినీ దించేశాక మా హాస్టలు సందు దగ్గర వ్యాను ఆగింది. బాబాయ్ అద్దంలోంచి నా వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేనే విరుచుకుపడ్డాను.

"పిడికెడు మట్టికి ఇంత రాద్ధాంతమేటి బాబాయ్? ఆ దిబ్బలేటి, నీ సొంతమా?"

"కాదమ్మా. అందుకే ఇవ్వలేకపోనాను." ఇంజను కట్టేశాడు. "ఆయన కంట్లో నీల్లు నానూ సూసాను. అడిగితే కాదంటానని తెలిసి నువ్వు నన్ను అడగలేదు సూడు. అదే నాకు కట్టంగా ఉంది."

మర్నాటి నుంచి పనికి వెళ్లలేదు. పది రోజులు గదిలోనే ఉండి, జాలి లేని మనిషి అని ఆయన్ని తిట్టుకున్నాను. పదకొండో రోజు పొద్దున్న హాస్టలు ముందు హారను ఆగకుండా మోగింది. కిటికీలోంచి చూస్తే బాబాయ్, ఒక చేత్తో టీ గ్లాసు బయటికి చాపి పట్టుకుని ఉన్నాడు.

"ఎక్కు బేగి! ఈల్లు ఇంగిలీషోల్లు. పొద్దుట్నించి ఎస్సు, నో తప్ప నాకేటీ రాలేదు!"

ఎక్కాను. టీ తాగాను. ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. క్షమించమని అడగాలని నాకు ఉండేది. ఈ ట్రిప్పయ్యాక అడుగుదాం, పండగ రద్దీ తగ్గాక అడుగుదాం అనుకుంటూనే మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో ఆయన నాకు వ్యాను నడపడం కూడా నేర్పాడు. ఒక రోజు ట్రిప్పు ముగించుకుని ఇంటికి వెళ్లి, ఛాతీలో నొప్పంటూ పడుకున్నాడట. అంతే, ఇక లేవలేదు. అడగాల్సిన మాట నా గొంతులోనే ఉండిపోయింది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వెళ్లినప్పుడు పిన్ని, అంటే ఆయన భార్య మెహర్, నన్ను లోపలికి పిలిచి మూతపెట్టిన పాలపొడి డబ్బా ఒకటి చేతికిచ్చింది. బరువుగా ఉంది. తీసి చూస్తే ఎర్రమట్టి.

"ట్రిప్పు అయిన రోజల్లా వేను సిమ్మీవోరు. ఆ దుమ్ము నన్ను పారబొయ్యనిచ్చీవోరు కాదు. ఎంత దులిపినా ఇంత మిగిలిపోతాది మెహర్, దీన్ని దాని సోట ఎట్టీయాలి అనీవోరు. మల్లీ ఎల్లినప్పుడు సంచీలో ఏసుకెల్లి పోసీసి వొచ్చీవోరు. ఇది ఆకరి ట్రిప్పుది, ఉండిపోనాది. నువ్వు అట్టుకెల్లి ఇచ్చీ అమ్మా."

బీడీ కాదు. ఏడేళ్లు ఆయన వెంట తిరిగాను, ఆ గుడ్డసంచీలో ఏముందో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని పిన్ని ముందే బావురుమన్నాను.

మరుసటి వారం ఒక్కదాన్నే దిబ్బలకు వెళ్లాను. ఆ పెద్దాయన కూలబడ్డ సందులోనే కూర్చుని డబ్బా వంచాను. మట్టి మట్టిలో కలిసిపోయింది. అది ఏదో, ఇది ఏదో తెలియకుండా పోయింది. అప్పుడు నా చెయ్యి ఆగింది. బాబాయ్ ఆఖరిసారి చీపురు పట్టి ఊడ్చినది ఇదే కదా అనిపించింది. అడుగున పిడికెడు ఉంది. ఎంతసేపు కూర్చున్నా దాన్ని వంచలేకపోయాను. మూత పెట్టేసి తెచ్చుకున్నాను.

వ్యాను ఇప్పుడు నాది. ట్రిప్పయ్యాక మ్యాట్లు దులిపి, ఆ దుమ్ము వేరే సంచీలో పోసి, తిరిగి వెళ్లినప్పుడు దాని చోట దాన్ని పెట్టి వస్తాను. తాటిచెట్టు కింద బ్రష్షు పట్టుకుని నిలబడతాను. కైలాసగిరి మలుపులో నోరు మూసుకుంటాను. ఆయన నేర్పినవన్నీ చేస్తాను, ఒక్కటి తప్ప. ఆ డబ్బా నా సీటు కిందే ఉంటుంది.

ఈ రోజు సాయంత్రం ఒక కాలేజీ పిల్ల చెట్టు కింద గుప్పిట మూసుకుని నిలబడింది. దులిపెయ్యమన్నాను. స్నేహితురాలు వేరే ఊరు వెళ్లిపోతోందట, గుర్తుగా ఇస్తుందట. ఎంత బతిమాలినా వద్దన్నాను. ఆ పిల్లకు కోపం వచ్చింది.

"కొంచెం మన్నే కదా ఆంటీ! ఇదేటి, మీ సొంతమా?"

"కాదమ్మా," అన్నాను. ఆ పిల్ల గుప్పిట విప్పి దులిపేసి, మొహం ముడుచుకుని వెనక సీట్లోకి వెళ్లింది. నేను ఎక్కి కూర్చుని అద్దంలోకి చూడకుండా, సీటు కింద డబ్బాను మడమతో ఇంకాస్త లోపలికి తోసి, బండి తీశాను.